నేను పుట్టిన నెలలో చందమామ రాలేదు

బర్త్‌డేకి ఫోన్ కవర్, హుడీ, ఇయర్‌బడ్స్... ఇవన్నీ అయిపోయాయి. ఈమధ్య మా గ్యాంగ్‌కి కొత్త పిచ్చి పట్టుకుంది. ఎవరు ఏ నెలలో, ఏ సంవత్సరంలో పుట్టారో సరిగ్గా ఆ నెలలో అచ్చయిన బొమ్మల పుస్తకాన్ని వెతికి పట్టుకోవాలి. కొత్త ప్రింట్ కుదరదు, జిరాక్స్ కుదరదు, పీడీఎఫ్ అసలే కుదరదు. మీరు ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఏదో ఊళ్లో, ఏదో కొట్టు ముందు దారానికి వేలాడిన ఆ కాపీనే కావాలి.

వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. చేసి చూడండి, తెలుస్తుంది.

కామిక్స్ పోగేసే అమెరికా వాళ్లకి ఇది పాత సరదానే. కవర్ మీద తాము పుట్టిన నెల ఉన్న కామిక్స్ అన్నీ కొని అల్మరాలో పేర్చుకుంటారు. నేను జూన్‌లో పుట్టాను కాబట్టి ఆ లెక్కన నాది మంచి బ్యాచ్. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక మీద ఉన్నది జూన్ 1938. అప్పుడు దాని ధర 10 సెంట్లు. 2024 ఏప్రిల్‌లో వేలంలో ఒక్క కాపీ 60 లక్షల డాలర్లు పలికింది. నెల కలిసింది, సంవత్సరం కలవలేదు. బతికిపోయాను, కిడ్నీ అమ్ముకోవాల్సి వచ్చేది.

ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. ఆ జూన్ సంచిక షాపుల్లోకి వచ్చింది ఏప్రిల్‌లోనే. పుస్తకం పాతబడిపోయిందని కొట్టువాడు తొందరగా పక్కన పడెయ్యకుండా, కవర్ మీద ముందు నెలలు వేసేవాళ్లు. మరి మన పుట్టిన నెల పుస్తకం ఏది? అట్ట మీద మన నెల ఉన్నదా, మనం పుట్టినరోజున కొట్టులో వేలాడుతున్నదా? దీని మీద కలెక్టర్లు గంటలు గంటలు కొట్టుకుంటారు. మా గ్యాంగ్ మాత్రం ఒకే మాట అనుకుంది. అట్ట మీద ఏముంటే అదే. లేకపోతే తెల్లారదు.

మనకి కామిక్ అంటే ఏది?

మన దగ్గర ఈ ఆట ఆడాలంటే మొదట గుర్తొచ్చేది చందమామే. "అది కామిక్ కాదు కదా, మాటల బుడగలేవీ?" అని మా రూమ్మేట్ లాజిక్ తీశాడు. కరెక్టే, కామిక్ అంటే బొమ్మే కథ చెప్పాలి. మరి పంచతంత్రాన్ని బొమ్మల కథగా గీసిన బుజ్జాయి లాంటి మహానుభావుడు మనకీ ఉన్నాడు. అమర్ చిత్ర కథలు తెలుగులోనూ వచ్చాయి. కానీ అమర్ చిత్ర కథతో ఈ ఆట కష్టం. ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంటుంది, మన చేతిలో ఉన్నది ఏ నెలదో తేల్చడం తలనొప్పి. చందమామ అలా కాదు. నెలకొక్కటి, దాని మీద నెల పేరు, దాదాపు పేజీకో బొమ్మ. మా నాన్న తరానికి కామిక్ అన్నా, యానిమేషన్ అన్నా, నెట్‌ఫ్లిక్స్ అన్నా అదే.

తెలియనివాళ్ల కోసం ఫాస్ట్ ఫార్వర్డ్‌లో చెప్పేస్తా. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన విజయా వారి నాగిరెడ్డి, చక్రపాణి ఉన్నారు కదా, చందమామ పెట్టింది వాళ్లే. 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగులోనూ, 'అంబులిమామ' పేరుతో తమిళంలోనూ మొదలైంది. తర్వాత ఒక్కో భాషా చేరుతూ పోయింది. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాన్ని నడిపినవాడు కొడవటిగంటి కుటుంబరావు. నెలల తరబడి పిల్లలకి నిద్రపట్టనివ్వని 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'మాయాసరోవరం' లాంటి సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. లోపలి బొమ్మలు చిత్ర, శంకర్. అట్ట మీద బొమ్మ వడ్డాది పాపయ్యది, అంటే వపా. భుజాన శవం, చేతిలో కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుణ్ని తలుచుకోగానే మీ బుర్రలోకి వచ్చే బొమ్మ శంకర్‌ది. ఆయన 2020లో పోయారు. 2007లో ముంబయి కంపెనీ ఒకటి చందమామని కొనేసింది, 2013 కల్లా అచ్చు ఆగిపోయింది. అయిపోయింది హిస్టరీ.

అసలు కథ మధ్యలో ఉంది.

1998 అక్టోబర్ దగ్గర ఒక గొయ్యి

నేను పుట్టింది 1999 జూన్‌లో. గ్యాంగ్‌లో ఒకడు తన సంచిక కోఠిలో కొట్టేసి స్టేటస్ పెట్టగానే నేనూ మొదలుపెట్టాను. ఎక్కడ చూసినా 1997 ఉంటుంది, 98 ఉంటుంది, 2000 ఉంటుంది. మధ్యలో ఖాళీ. చివరికి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు అమ్మే భాయ్ నవ్వి, "వో సాల్ నికలాచ్ నహీఁ భయ్యా" అన్నాడు. ఆ ఏడాది అసలు రాలేదట.

నిజమే. సంస్థలో కార్మికుల గొడవతో 1998 అక్టోబర్‌లో చందమామ ఆగిపోయింది. మళ్లీ వచ్చింది 1999 డిసెంబర్‌లో. యాభై ఏళ్లపాటు నెలనెలా వచ్చిన పత్రిక, సరిగ్గా నేను పుట్టే టైమ్‌కి సెలవు పెట్టింది. మీరు 98 చివర్లోనో, 99లోనో పుట్టుంటే మీ పరిస్థితీ ఇంతే. నా క్లాస్‌మేట్స్ సగం మంది ఈ గొయ్యిలోనే ఉన్నారు. వెతికే శ్రమ తగ్గిందని సంతోషించండి.

లెక్క వేస్తే ఇంకో సంగతి తెలిసింది. అది ఆగే టైమ్‌కి నేను అమ్మ కడుపులో పడ్డాను. మళ్లీ వచ్చేసరికి నాకు ఆరో నెల, అంటే అన్నప్రాశన. మగపిల్లలకి ఆరో నెలలో చేస్తారు కదా. ముందు పుస్తకం, డబ్బులు, కత్తి, అన్నం పెట్టి దేన్ని పట్టుకుంటాడో చూస్తారు. నేను పుస్తకం పట్టుకున్నానని అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. సరే, పుట్టిన నెల లేకపోతే పోయింది, నా టార్గెట్ 1999 డిసెంబర్ సంచిక అని డిసైడ్ అయ్యాను.

కానీ దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. నాన్నది ముందు వెతకాలి. దానికి డెడ్‌లైన్ ఉంది.

నాన్నకి రెండు పుట్టినరోజులు

మాది నల్లగొండ దగ్గర ఊరు. నాన్న గవర్నమెంట్ బళ్లో టీచర్. సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ 1-7-1964. తెలంగాణలో రిటైర్‌మెంట్ 61 ఏళ్లకి. ఒకటో తారీఖున పుట్టినవాళ్లకి అంతకుముందు రోజే ఆఖరు కాబట్టి 2025 జూన్ 30న రిటైర్ అయ్యారు.

అయితే నాన్న ఆ రోజు పుట్టలేదు.

అప్పట్లో బళ్లో వేసేటప్పుడు వయసు ఎలా చూసేవాళ్లో తెలుసా? కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకోమనేవాళ్లు. అందితే ఐదేళ్లు నిండినట్టు. నాన్న చేతులు పొడుగు. అందింది. పంతులుగారు రిజిస్టర్‌లో జులై ఒకటి వేసి, ఐదేళ్లకి సరిపోయే సంవత్సరం రాసేశారు. ఆ బెంచీలో కూర్చున్న పిల్లల్లో చాలామంది జులై ఒకటినే పుట్టారు, రికార్డుల్లో. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్ కార్డులు తీసి చూడండి. జూన్, జులై ఒకటో తారీఖులు ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టండి.

అసలు తేదీ ఎవరికి తెలుసు? నాయినమ్మకి. ఆమెకి ఇంగ్లిష్ నెలలు రావు. "కార్తీక పున్నమి ఎల్లిన మూడోనాడు పుట్టిండు. గా ఏడు పాకిస్తాన్‌తోని లడాయి అయింది. రేడియో ఉన్నోళ్ల ఇంటిముందల ఊరంత కూసునేది" అంది. పాకిస్తాన్‌తో యుద్ధం అంటే 1965. పాత పంచాంగం చూస్తే ఆ ఏడాది విశ్వావసు నామ సంవత్సరం, కార్తీక పౌర్ణమి నవంబర్ రెండో వారంలో వచ్చింది. అంటే మా నాన్న అసలు పుట్టింది 1965 నవంబర్‌లో. కాగితం మీద పదహారు నెలలు పెద్దవాడు. చెవి అందినందుకు పదహారు నెలల సర్వీసు పోయింది. సర్వీసు రిజిస్టర్‌కి ఎక్కిన తేదీని నాయినమ్మ సాక్ష్యం మార్చలేదు కదా.

తెలుగు సంవత్సరాలు అరవై. ఒక చుట్టు తిరిగి, మనం పుట్టిన పేరుగల సంవత్సరం మళ్లీ వస్తే షష్టిపూర్తి. 2025 ఉగాదికి వచ్చింది మళ్లీ విశ్వావసే! ప్రభుత్వం లెక్కలో జూన్‌లో 61 నిండి రిటైరైన మనిషికి, నాయినమ్మ లెక్కలో నవంబర్‌లో అరవై నిండుతాయి. ఈ కామెడీ ఏ రైటర్‌కీ తట్టదు.

నాన్నని అడిగాను, ఏ నెల చందమామ కావాలని. "ఏదైతే ఏంరా, దొరికింది తే" అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే. చిన్నప్పుడు చందమామ కోసం రెండు మైళ్లు నడిచి గ్రంథాలయానికి వెళ్లేవాణ్నని, అక్కడ తన వంతు వచ్చేసరికి సీరియల్ పేజీలు ఎవరో చింపుకెళ్లిపోయేవాళ్లని వందసార్లు చెప్పారు. సొంతానికి ఒక్క చందమామ కూడా ఎప్పుడూ లేదు. జులై 1964 ఇస్తే సర్టిఫికెట్‌కి గిఫ్ట్ ఇచ్చినట్టు. నవంబర్ 1965 ఇస్తే నాన్నకి ఇచ్చినట్టు. నేను రెండోది తేవాలనుకున్నాను.

వేట

నేనుండేది హిమాయత్‌నగర్‌లో. పుస్తకాల వేటకి ఇంతకన్నా మంచి సెంటర్ ఉండదనుకున్నా. ఇక్కడే తెలుగు అకాడమీ ఉంది. నారాయణగూడ దాటితే చిక్కడపల్లి, సిటీ సెంట్రల్ లైబ్రరీ, ఆ పక్కనే అశోక్‌నగర్. కానీ ఇప్పుడు ఈ ఏరియాలో పుస్తకం అంటే గ్రూప్స్ మెటీరియలే. జిరాక్స్ షాపుల ముందు ఇండియన్ పాలిటీ, తెలంగాణ ఉద్యమం, కరెంట్ అఫైర్స్. లైబ్రరీ చుట్టూ ఉదయం నుంచీ టిఫిన్ బాక్సులతో వచ్చి చదువుకునేవాళ్లు. అక్కడ 1965 నాటి చందమామ గురించి అడుగుతుంటే పక్క కుర్చీ అన్న తలెత్తి, "ఏ పేపర్లో అడిగారు బ్రో?" అన్నాడు. సీరియస్‌గానే అడిగాడు.

బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పత్రికల మీద పరిశోధన చేసేవాళ్లందరూ తిరిగే చోటు. అయితే గ్రంథాలయంలో ఏది దొరికినా చూసి, ముట్టుకుని, నోట్స్ రాసుకుని రావడమే. ఇంటికి తెచ్చి నాన్న చేతిలో పెట్టడం కుదరదు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత చందమామల స్కాన్లు బోలెడున్నాయి. అవి ఓపిగ్గా ఎక్కించినవాళ్లకి దండం పెట్టాలి. కానీ మా ఆటలో పీడీఎఫ్ చెల్లదని ముందే చెప్పాగా.

ఇక మిగిలింది ఆదివారం సంత. హైదర్‌గూడ, కింగ్‌కోఠి మీదుగా నడుచుకుంటూ పోతే ఆబిడ్స్. షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మొత్తం పుస్తకాలే. ఎండ ఎక్కకముందే వెళ్లాలి. మంచివి తొమ్మిదింటికల్లా లేచిపోతాయి. ఫోన్‌లో మునిగి తిరిగేవాళ్లకి ఇక్కడ ఏమీ దొరకదు. వంగాలి, కూర్చోవాలి, కుప్ప కింద చెయ్యి పెట్టాలి, దుమ్ము పీల్చాలి.

ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం వెళ్లాను. నాకు ఎన్ని జులై 1964లు దొరికాయో తెలుసా? రెండు! ఒకదానికి అట్ట కూడా ఉంది. నూట యాభైకి ఇస్తానన్నాడు. ఆ సర్టిఫికెట్ తేదీ నన్ను వెంటాడుతున్నట్టు అనిపించింది. నవంబర్ 1965 మాత్రం ఒక్కటి లేదు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఉందన్నాడు, రెండు వేలన్నాడు, ఫొటో పంపమన్నాను. పేజీలన్నీ అంచు నుంచి మధ్యదాకా ఒకే రకం పసుపు.

ఇది చూడ్డం నేర్చుకోండి. పాత కాగితం చౌక రకం. అందులో ఉండే లిగ్నిన్ గాలికీ వెలుతురుకీ పసుపెక్కుతుంది. గాలి ముందు తగిలేది అంచులకి కాబట్టి అంచులు ముదురుగా, లోపల లేతగా ఉంటాయి. పిన్నులు తుప్పు పట్టి, వాటి చుట్టూ కాగితం మీద గోధుమరంగు మరక ఉంటుంది. పేజీ మొత్తం ఒకే రంగు, తళతళలాడే పిన్నులు... అంటే స్కాన్‌ని కలర్ ప్రింట్ తీశారని అర్థం. అలాంటివాటికి రెండు వేలు పెట్టకండి. ఇంకోటి, దొరికిన పుస్తకానికి ప్రేమ కొద్దీ సెల్లోటేప్ వెయ్యకండి, లామినేషన్ చేయించకండి. టేప్ జిగురు కొన్నేళ్లకి కాగితాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, ఎండ తగలని చోట పడుకోబెడితే చాలు.

జూన్ 30 వచ్చేసింది. బళ్లో శాలువా, పూలదండ, ఒక గోడ గడియారం. నేను ఉత్త చేతులతో వెళ్లాను. ఫర్లేదు, నవంబర్ ఉంది కదా అనుకున్నా.

అట్ట లేని సంచికకి వయసు కట్టడం

ఆగస్టులో చిక్కడపల్లిలో ఒక బైండింగ్ షాపుకి వెళ్లాను, ఆఫీస్ పని మీద. మాటల్లో చందమామ అన్నాను. బైండింగ్ చేసే పెద్దాయన సూది ఆపి చూశాడు. "మా నాయన చేతుల మీద ఎన్ని చందమామలు పోయినయో. ఏడాదివి పన్నెండూ కుట్టించుకునేటోళ్లు. అట్టలు పీకేసి, అంచులు కోసి, గట్టి అట్ట వేసుడు." వింటుంటే నాకు గుండె కలుక్కుమంది. వపా బొమ్మలు పీకేశారా! అప్పుడు అది మామూలు పనే. అట్టలు ఉంటే పుస్తకం లావెక్కి సరిగ్గా మూసుకోదట.

ఆయనే చెప్పాడు. అశోక్‌నగర్‌లో ఒక పాత ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నారు, అందులో ఒక పెద్దావిడ ఉంటుంది, వాళ్లింట్లో బైండు చేసిన చందమామలు ఉండేవి అని.

వెళ్లాను. ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది. ఆవిడకి ఎనభై దగ్గర ఉంటాయి. ముందు నన్ను బిల్డర్ మనిషి అనుకున్నారు. చందమామ అనగానే లోపలికి రమ్మన్నారు. బీరువా కింద అరలో ఏడు వాల్యూములు. ఒక దాని వెన్ను మీద బంగారు రంగు అంకెలు సగం చెరిగి '65' అని. నా చేతులు వణికాయంటే నమ్మండి.

తెరిచి లెక్కపెడితే పదకొండే ఉన్నాయి. ఒక నెల లేదు.

ఏ నెల? అట్టలు లేవు. విషయసూచిక పేజీ మీద నెల ఉంటుంది, కానీ కొన్నింటిలో మొదటి కాగితం అట్టతో పాటే పోయింది. ఇక్కడే ఆబిడ్స్ భాయ్ నేర్పిన కిటుకు పనికొచ్చింది. చందమామ చివర్లో 'ఫోటో వ్యాఖ్యల పోటీ' అని ఉండేది. రెండు ఫొటోలు వేసి, రెంటికీ జత కుదిరే వ్యాఖ్యలు పోస్టుకార్డు మీద రాసి పంపమనేవాళ్లు. ఇప్పటి మీమ్ కాంటెస్ట్ అనుకోండి, కాకపోతే లైక్ పడ్డానికి నెలలు పట్టేది. కార్డులు ఏ తేదీలోగా చేరాలో, ఫలితం ఏ నెల సంచికలో వేస్తారో ఆ పేజీలోనే ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే చేతిలో ఉన్నది ఏ నెలదో దొరికిపోతుంది. దానికి తోడు సీరియల్ భాగాలు వరసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

వెనక నుంచి మొదలుపెట్టాను. డిసెంబర్ ఉంది. దాని ముందుది... ఫలితం వేసే నెల చూసి, వేళ్లు మడిచి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. నవంబర్! పోయింది ఆగస్టు. "ఆగస్టు మా తమ్ముడు రైల్లో పోగొట్టాడు. వాడికి ఇప్పటికీ క్షమాపణ లేదు" అన్నారావిడ. తమ్ముడికి డెబ్బై దాటాయట.

నవంబర్ ఒక్కటి ఇస్తారా, వెయ్యి ఇస్తాను అన్నాను. కుట్టు విప్పడం బైండింగ్ పెద్దాయనకి పది నిమిషాల పని. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"అరవై ఏళ్ల నుంచి కలిసి ఉన్నాయి బాబూ. ఒక్క నెల కోసం మిగతా పదింటినీ చింపుతావా? తీసుకుంటే మొత్తం తీసుకో. లేకపోతే వదిలెయ్."

నిజం చెప్పాలంటే, ఈ హాబీలో ఇది చాలా పెద్ద గొడవ. నాలాంటివాళ్లకి కావలసింది ఒక్క నెల. అమ్మేవాళ్లకీ విడగొట్టి అమ్మితేనే డబ్బులెక్కువ. అందుకే అరవై, డెబ్బై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న వాల్యూములు ఇప్పుడు మన పుట్టినరోజుల కోసం ముక్కలవుతున్నాయి. ఒకరి నవంబర్ గుంటూరుకి, ఇంకొకరి మార్చి టెక్సస్‌కి. ఎవరికీ అక్కర్లేని నెలలు రద్దీలోకి. సీరియల్ మొదటి భాగం ఒకచోట, చివరి భాగం ఇంకోచోట. నాన్న చిన్నప్పుడు గ్రంథాలయంలో పేజీలు చింపుకెళ్లినవాడికీ, వాల్యూము విప్పించేవాడికీ పెద్ద తేడా నాకైతే కనిపించలేదు. విడి సంచికలు దొరికితే కొనుక్కోండి, హాయిగా. బైండు చేసినవి మాత్రం విప్పించకండి.

ఆవిడ మొత్తానికి చెప్పిన రేటు నా బడ్జెట్‌కి మూడింతలు. రెండు విడతల్లో ఇస్తానన్నాను. ఒప్పుకున్నారు. సంచిలో పెట్టి ఇస్తూ, ఆగస్టు దొరికితే ఫోన్ చెయ్యమన్నారు.

పదకొండు నెలలు, ఒక నాన్న

కార్తీక పౌర్ణమి వెళ్లాక ఆ వారాంతం ఊళ్లో షష్టిపూర్తి. అమ్మానాన్నలకి మళ్లీ పెళ్లి, పీటల మీద. నాయినమ్మ ముందు వరసలో కుర్చీ వేయించుకుని మరీ కూర్చుంది. తన తేదీ గెలిచింది మరి. సాయంత్రం అందరూ వెళ్లాక వాల్యూము నాన్న చేతిలో పెట్టాను. నవంబర్ దగ్గర తెల్లకాగితం గుర్తు పెట్టాను.

నాన్న ఏడవలేదు, నన్ను దగ్గరికి తీసుకోలేదు. మా ఇళ్లల్లో అవి ఉండవు. కళ్లజోడు తుడుచుకుని, నవంబర్ తియ్యకుండా జనవరి నుంచి మొదలుపెట్టారు. "వరసగా చదవాలిరా, సీరియల్ ఉంటది కదా" అన్నారు. రాత్రి పన్నెండైనా లైటు ఆర్పలేదు. అమ్మ లోపలి నుంచి అరిచింది, పెళ్లైన రోజే ఈ చదువేంటని.

మర్నాడు తన టెన్త్ బ్యాచ్‌కి ఫోన్లు మొదలయ్యాయి. "అరేయ్, నువ్వు అసల్ ఏ నెలల పుట్టినవ్? సర్టిఫికెట్ కాదురా, అసల్ది." ఒకరు సంక్రాంతి ముందర అన్నారు. ఒకరు బతుకమ్మ అయిన వారానికి. ఇంకొకాయనకి వానలు పడ్డ ఏడాది అని తప్ప ఏమీ తెలియదు. నాన్న పంచాంగం ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ నెల తేలుస్తున్నారు. అందరూ ఆ ఏడాది వాళ్లు కాదు గానీ, విశ్వావసు వాళ్లు నలుగురు తేలారు. వాళ్ల నెలల్లోంచి ఒక్కో బేతాళ కథ ఫోన్‌లో చదివి వినిపించారు. ఆగస్టులో పుట్టినాయన మాత్రం అలిగాడు.

నేను హైదరాబాద్ వచ్చేశాను. నా 1999 డిసెంబర్ సంగతి ఎవరికీ గుర్తులేదనుకున్నా.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి నాన్న ఫోన్. వెనక బస్సుల హారన్లు. ఆబిడ్స్‌లో ఉన్నారట. నల్లగొండలో మొదటి బస్సు ఎక్కి, నాకు చెప్పకుండా.

"నీ డిసెంబర్ ఇంకా దొరకలేదురా. రెండువేల సంవత్సరం జనవరిది ఉంది, వంద అంటుండు. తీసుకోనా?"

బేరమాడమన్నాను. ఎనభైకి వచ్చింది.